సొంత లారీ, కంపెనీ లోడు: ఎవరి బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: గన్నవరం పదిటైర్లు

నాకు ఒక పదిటైర్ల లారీ ఉంది. ఫైనాన్సులో కొన్నాను, నేనే నడుపుకుంటాను, దూరపు లోడైతే మా బావమరిది రెండో డ్రైవరుగా వస్తాడు. పద్నాలుగు నెలలుగా విజయవాడలోని ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు బండిని ఎటాచ్ చేసి తిప్పుతున్నాను. క్యాబిన్ తలుపు మీద వారి పేరు రాయించాను. బయటి లోడు ఎత్తకూడదని వారు మొదటి రోజే చెప్పారు; కాగితం మీద మాత్రం ఏదీ రాసుకోలేదు.

గత వానాకాలంలో గుంటూరు కోల్డ్ స్టోరేజీ నుంచి కోల్‌కతాకు 17 టన్నుల మిర్చి ఎత్తాను. టన్నుకు 4,600 చొప్పున 78,200 రూపాయల కిరాయి మాట్లాడుకుని, డీజిల్‌తో కలిపి 50,000 అడ్వాన్సు ఇచ్చారు. అక్కడికి చేరాక గోడౌనులో చోటు లేదని నాలుగు రోజులు ఆపారు. దించేటప్పుడు 11 టిక్కీలు (మిర్చి బస్తాలు) తడిశాయని ఎల్‌ఆర్ (లారీ రసీదు) వెనక రాసి సంతకం పెట్టారు. నా టార్పాలిన్ పట్టాల్లో ఒకదానికి అతుకు ఉన్న మాట నిజమే, కానీ నాలుగు రోజులు వానలో ఆరుబయట నిలబెట్టకపోతే ఆ తడి తగిలేది కాదని నా వాదన. బ్యాలెన్సు 28,200లో తడి కింద 19,000 కోత వేశామని ఫోనులో చెప్పారు. మిగిలిన 9,200 కూడా 52 రోజులైనా రాలేదు. హాల్టింగ్ (బండిని ఆపినందుకు ఇచ్చే డబ్బు) ఊసే లేదు. ఆ తరువాత తొమ్మిది రోజులు లోడు ఇవ్వలేదు, బయటి లోడుకు వెళ్లనివ్వనూ లేదు.

ఇందులో కంపెనీ నాకు ఎంత బాకీ, నేను కంపెనీకి ఏ మేరకు జవాబుదారీ? బ్యాలెన్సు ముట్టేదాకా తరువాతి లోడు దించకుండా ఆపెయ్యమని తోటి డ్రైవర్లు సలహా ఇస్తున్నారు. అది సబబేనా?

జవాబు: పాత బుకింగ్ గుమాస్తా

నేను ఇరవై ఏళ్లకు పైగా బుకింగ్ ఆఫీసులో కూర్చున్నవాడిని కనుక కంపెనీ పక్షం కూడా చెబుతాను. ఎల్‌ఆర్ మీద ఉండేది మీ పేరు కాదు, కంపెనీ పేరు. 2011 మార్చి 1 నుంచి అమలులో ఉన్న 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం సరుకు పోయినా, పాడైనా పార్టీ (సరుకు యజమాని) మా నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. నష్టం జరిగిందని చూపితే చాలు. పార్టీ ఎక్కువ విలువ ప్రకటించి అదనపు రిస్కు చార్జీ కట్టి ఉంటే తప్ప మా బాధ్యత కిరాయికి పదిరెట్లకు మించదు. మీ లోడుకు ఆ పదిరెట్లు 7,82,000 అవుతుంది, అంటే పదకొండు టిక్కీల దగ్గర ఆ పరిమితి మాకు ఏ విధంగానూ అక్కరకు రాదు. ఈ బరువు మోస్తున్నందుకే పట్టా, తాళ్లు, టైర్లు, బండి ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మీవంతుగా పెడతాము. అతుకు పట్టాతో వానాకాలంలో మిర్చి ఎత్తడం మీ పొరపాటే, అందులో నేను మొహమాటపడను. బండి ఇన్సూరెన్సు సరుకుకు వర్తించదని కూడా చాలామందికి నష్టం జరిగాకే తెలుస్తుంది.

అయితే పార్టీ మా బిల్లులో ఎంత కోసిందో అంత మేరకే మేము మీ దగ్గర కోయాలి, అదీ మీ తప్పు ఉన్నప్పుడే. ఫోనులో చెప్పిన అంకె లెక్కలోకి రాదు. పార్టీ పంపిన డెబిట్ నోటు (ఎంత కోసిందో తెలిపే కాగితం) కాపీ అడగండి. అలాగే సంతకమైన ఎల్‌ఆర్ ఒరిజినల్ ఎప్పుడు అప్పగించారో చూసుకోండి, అది చేతికి రానిదే పార్టీ దగ్గర మా బిల్లు కదలదు. వాట్సాప్‌లో ఫొటో పంపి ఒరిజినల్‌ను సీటు కింద నెలల తరబడి ఉంచుకుని, బ్యాలెన్సు రాలేదని ఆఫీసు మీదికి వచ్చేవారిని ఎందరినో చూశాను.

ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం) సంగతి మీరు అడగలేదు గానీ నాలుగు రోజులు ఆగారు కనుక చెబుతున్నాను. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దానికి గడువు ఉంటుంది. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరిన తరువాత ఎనిమిది గంటల వరకు పొడిగించుకోవచ్చు. దారిలో బండి ఆగిపోతే వెంటనే ఆఫీసుకు తెలపడం మీ పని, పొడిగించడం ఆఫీసు పని. మీరు తెలిపాక కూడా జరిమానా పడితే దానిని మీ కిరాయిలో కోయడం అన్యాయం.

జవాబు: జగ్గయ్యపేట సిమెంటు బండి

ముందు మీ చివరి ప్రశ్నకు: సరుకు ఆపవద్దు. అది పార్టీ సొత్తు. రవాణాకు అప్పగించిన సరుకును దారి మళ్లించాడనో, సొంతం చేసుకున్నాడనో ఫిర్యాదు పడితే అది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందికి వెళుతుంది, క్యారియర్‌కు ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. చివరికి నేరం నిలబడకపోయినా, 9,200 కోసం బండి స్టేషన్ ఆవరణలో పడి ఉంటే కిస్తీ ఎవరు కడతారు?

మీరు నోటిమాట మీద నడవడమే అసలు లోపం. నేను లారీ హైర్ చలాన్ చేతికి రాకుండా బండిని లోడింగ్ పాయింటుకు తిప్పను. అందులో కిరాయి, అడ్వాన్సు, ఎల్‌ఆర్ అప్పగించాక బ్యాలెన్సు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎన్ని గంటలు దాటితే హాల్టింగ్ మొదలవుతుంది, రోజుకు ఎంత అనేవి రాయిస్తాను. బయటి లోడు వద్దన్న కంపెనీ నెలకు ఇన్ని ట్రిప్పులు ఇస్తామని రాయాలి, లేదా రెండు రోజులు ఖాళీగా ఉంటే మీ దారి మీదని రాయాలి. ఒక వైపే కట్టేసే షరతుకు నేను ఒప్పుకోను. లోడింగ్ అయ్యాక తాడు బిగించేముందు పట్టా కింద చెయ్యి పెట్టి బస్తాలు తడిమి చూసి, పై వరుసను, కాటా చీటీని ఒకే ఫొటోలో తీసి ఆఫీసుకు పంపుతాను. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకు బయటి గాలి తగిలి చెమ్మ పట్టడం మామూలే, ఆ చెమ్మ తరువాత మీ పట్టా ఖాతాలో పడుతుంది.

డబ్బు ఆలస్యం గురించి: ఉద్యం రిజిస్ట్రేషన్ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు, అంటే ఎంఎస్‌ఎంఈల నమోదు) ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. సరుకు రవాణా సేవ కిందికి వస్తుంది కనుక మీకూ వర్తిస్తుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు పెట్టరాదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగవచ్చు. పాత ట్రిప్పులకు అది పనికివస్తుందా లేదా అన్నది కోర్టుల్లో నలిగిన విషయం కనుక ముందు ట్రిప్పులకైనా ఇప్పుడే చేయించుకోండి.

ఓవర్‌లోడు విషయంలో ఒక్క మాట. మన పదిటైర్లకు 2018లో మొత్తం బరువు (బండి, లోడు కలిపి) పరిమితి 28.5 టన్నులకు పెరిగింది, కానీ మీ ఆర్‌సీలో ఉన్న అంకే మీ పరిమితి. దాటితే 20,000, పైన ప్రతి టన్నుకు 2,000 జరిమానా. కంపెనీ ఎక్కువ ఎత్తమంటే వాట్సాప్‌లో రాసి పంపమనండి, సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

జవాబు: డల్లాస్ డిస్పాచ్

నేను అమెరికాలో ఒక ట్రక్కింగ్ కంపెనీలో డిస్పాచర్‌ని, మాది కాకినాడ. పోల్చి చూసుకోవడానికి మాత్రమే రాస్తున్నాను. ఇక్కడ సొంత ట్రక్కును కంపెనీకి లీజుకు ఇచ్చి నడిపేవారికి ఫెడరల్ నిబంధనలున్నాయి, వాటిలో 376వ భాగం ప్రకారం లీజు రాతలోనే ఉండాలి. డెలివరీ కాగితాలు అందిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. కిరాయిలో శాతం చొప్పున చెల్లించేటప్పుడు పార్టీకి వేసిన బిల్లు కాపీని డ్రైవరుకు చూపాలి. ఏ ఏ ఖర్చులు కోస్తారో, వాటిని ఎలా లెక్కగడతారో లీజులోనే రాయాలి. అలాగని ఇక్కడ గొడవలు లేవనుకోకండి. కోతలు లీజులో రాసే ఉంటాయి, డ్రైవర్లు చదవకుండా సంతకం పెడతారు.

ప్రశ్న అడిగినవారి జవాబు: గన్నవరం పదిటైర్లు

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆఫీసుకు వెళ్లి, గొడవ పడకుండా డెబిట్ నోటు కాపీ ఒక్కటే అడిగాను. ఫైలు తీయడానికి మధ్యాహ్నం దాకా తిప్పుకుని చివరకు చూపించారు. పార్టీ కోసింది టిక్కీకి 750 చొప్పున 8,250 మాత్రమే. పట్టా నాదే కనుక ఆ 8,250కి ఒప్పుకున్నాను. మిగిలిన 10,750 దేనికని అడిగితే గుమాస్తా మేనేజరు వైపు చూశాడు, మేనేజరు ఫోను ఎత్తి బయటికి వెళ్లాడు. ఈ ఉదయం 19,950 నా ఖాతాలో పడింది. హాల్టింగ్ మాత్రం రాలేదు. గోడౌను గేటు చీటీ నా డ్యాష్‌బోర్డు మీదే ఉంది గానీ అదీ తడిసి, బండి లోపలికి వచ్చిన తేదీ చదవడానికి వీలు లేకుండా పోయింది.