వృద్ధాశ్రమానికి స్థలం: ఏటిగట్టు లోపలా, బస్సు రోడ్డు మీదా?

లంకగట్టు:
కోనసీమలో మా మండలానికి ప్రభుత్వ వృద్ధాశ్రమం అడుగుతున్నామండి. పంచాయతీ దగ్గర రెండు స్థలాలున్నాయి. ఏటిగట్టు లోపల, అంటే ఏటి వైపు, ఎకరంన్నర ఉంది, చదునైన నేల. బస్సు రోడ్డు మీద పీహెచ్‌సీ పక్కన డెబ్బై సెంట్లుంది, కానీ పల్లం. తీర్మానంలో ఏది రాయాలి? 150 మందికి తగ్గకూడదంటున్నారు, నిజమేనా?

తీర్మానం:
తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టం 19వ సెక్షన్‌లో ఉన్నదే అది. జిల్లాకు కనీసం ఒకటి, అందుబాటులో ఉండే చోట, ఆసరా లేని వృద్ధులు 150 మందికి తగ్గకుండా. అయితే అక్కడున్నది ‘స్థాపించవచ్చు’ అనే. కాబట్టి సెక్షన్ నంబరు రాసి ఊరుకుంటే ఫైలు కదలదు. గ్రామ సచివాలయం వారీగా ఒంటరి వృద్ధుల జాబితా, అందులో మంచం దిగలేనివాళ్ళు ఎందరో విడిగా రాసి జతచేయండి. జిల్లా ఆశ్రమం మీకు రాకపోతే, అటల్ వయో అభ్యుదయ యోజన కింద 25 మందికి ఆశ్రమం నడిపే స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం గ్రాంటు ఇస్తుంది. ఆ దారీ చూడండి.

నల్లరేగడి:
గట్టు లోపలి స్థలం మాట మర్చిపోండి. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకే ఇస్తారు, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మంచం పట్టినవాళ్ళను రాత్రికి రాత్రి పడవెక్కించడం ఎవరి తరమూ కాదు.

రోడ్డు పక్కదానికి ఏటి వరద రాకపోయినా, డ్రెయిన్ ఎగదన్నితే నీళ్ళు నిలుస్తాయి. చుట్టుపక్కల గోడల మీద నీటి జాడ కొలిచి, దానిపైన రెండడుగులు ఉండేలా అరుగు లేపాలి. అసలు చిక్కు అక్కడే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. నాలుగడుగులు లేపితే 48 అడుగులు, మధ్యలో ఐదడుగుల చదును, రెండువైపులా పట్టుకోడానికి కడ్డీ. ప్లానులో ముందే చోటు వదలకపోతే చివర్లో నిట్టనిలువు ర్యాంపు పోసి చేతులు దులుపుకుంటారు.

ఇంకోటండి. భవనాన్ని పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) మీద కట్టి ర్యాంపును మట్టి పూడికమీద పోస్తే, రేగడి ఉబ్బి కుంగి గుమ్మం దగ్గర అంగుళం మెట్టు తేలుతుంది. వాకర్ కాలు అక్కడే తగులుకుంటుంది. ర్యాంపుకూ పైల్స్ వేయమని అంచనాలోనే రాయించండి.

150 మందికి డెబ్బై సెంట్లంటే మేడ తప్పదు. తుఫానుకు కరెంటు పోతే లిఫ్టు ఆగిపోతుంది కాబట్టి నడవలేనివాళ్ళందరికీ కింది గదులే ఇవ్వాలి. జనరేటరు కూడా అరుగు ఎత్తులోనే ఉండాలి.

తీర్మానం:
బాత్రూం తలుపులు బయటికి తెరుచుకోవాలని కూడా రాయండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి నెట్టలేం.

కాలువనీరు:
నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 150 మందికి ఇరవై వేల పైచిలుకు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, సముద్రం వైపు మండలాల్లో బోరు ఉప్పన. పది రోజులకు రెండు లక్షల లీటర్ల నిల్వ అడగండి.

జీతాలు కూడా. ఒక ఆయా పోస్టు ఇరవైనాలుగ్గంటలూ నిండాలంటే వారానికి 21 షిఫ్టులు. ఒకరు చేసేవి ఆరు. సెలవులు కలిపితే నలుగురు కావాలి. ఒక్కరినే మంజూరు చేస్తే రాత్రిపూట ఎవరూ ఉండరు, రాత్రి బాత్రూంకు లేచి పడిపోతే చూసే దిక్కుండదు.