జైరోప్లేన్: లేచిన వెంటనే ఇంజిన్ ఆగితే వెనక్కి తిరగాలా, ముందుకే దిగాలా?

కొత్తరెక్కలు
అందరికీ నమస్కారం. వేరే రాష్ట్రంలో ఒకసారి జైరోప్లేన్ (పైన హెలికాప్టర్‌లా రోటర్ తిరిగే చిన్న బండి) వెనక సీట్లో కూర్చుని ఎగిరాను. అప్పటి నుంచి పిచ్చి పట్టింది. మన తిరుపతి దగ్గర శిక్షణ మొదలవుతోందని విని ముందే చదువుకుంటున్నా. ఒకచోట ఆగిపోయాను. రెండు మూడు వందల అడుగులు లేచాక ఇంజిన్ ఆగితే ఏం చేయాలి? నన్ను ఎక్కించుకున్న ఇన్‌స్ట్రక్టర్ "ఎదురుగా ఏముంటే అందులో దిగడమే, వెనక్కి చూడొద్దు" అన్నాడు. ఇక్కడేమో రోటర్‌బాబాయ్ పోయిన వారం "జైరోకి ఆ రూల్ లేదు, హాయిగా తిరిగి రావచ్చు" అని రాశారు. ఎవరి మాట వినాలి?

రోటర్‌బాబాయ్
తమ్ముడూ, మళ్లీ చెప్తా విను. అది విమానాల రూల్. విమానం వేగం తగ్గితే రెక్క స్టాల్ అవుతుంది, అంటే పైకి ఎత్తే శక్తి పోతుంది, మలుపులో అయితే గిరగిరా తిరుగుతూ పడుతుంది. వాళ్ల భయం వాళ్లది. జైరోలో పైన తిరిగే రోటర్‌ని ఇంజిన్ తిప్పదు. నేల మీద ప్రీరొటేటర్ అనే పరికరంతో రోటర్‌కి ఒకసారి ఊపు ఇస్తాం, అంతే. గాల్లో ఉన్నంతసేపూ కింద నుంచి పైకి వచ్చే గాలే దాన్ని తిప్పుతుంది. ఇంజిన్ ఆగినా తిరుగుతూనే ఉంటుంది. స్పెయిన్ ఇంజినీరు సియెర్వా కట్టిన మూడు ఇంజిన్ల విమానం 1919లో స్టాలై కూలింది. ఆ దెబ్బతోనే ఆయన దీని మీద పడి 1923లో ఎగరేశాడు. చిన్న చోట తిరుగుతుంది, దిగితే నాలుగు అడుగుల్లో ఆగుతుంది. ఇంత సౌకర్యం పెట్టుకుని ఎదురుగా ఉన్న చెట్లలోకి ఎందుకు పోవాలి?

ఊరికే_చూస్తుంటా
మొదలైంది. బొరుగులు కలుపుకొని వస్తా.

చిత్తూరు_వింగ్స్
బాబాయ్ గారు చెప్పింది సగం నిజం, ఆ సగంతోనే మనుషులు పోతారు. స్టాల్ కాదు, సరే. కానీ దిగిపోతుంది. ఇంజిన్ లేని జైరో సరైన వేగంలో ఉన్నా మూడు నాలుగు అడుగులు ముందుకి పోయేసరికి ఒక అడుగు కిందికి దిగుతుంది. నిమిషానికి సుమారు వెయ్యి అడుగులు అనుకోండి. 300 అడుగులంటే చేతిలో ఉన్నది 18 సెకన్లు. ఇంజిన్ ఆగిందన్న సంగతి బుర్రకెక్కడానికే రెండు మూడు సెకన్లు పోతాయి.

ఇప్పుడు తిప్పండి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో 45 డిగ్రీలు వాల్చి తిప్పితే మలుపు వ్యాసార్థం సుమారు 80 మీటర్లు. సగం చుట్టు తిరిగేసరికి తొమ్మిది సెకన్లు. అప్పుడైనా రన్‌వే మీద ఉంటారా? ఉండరు, 160 మీటర్లు పక్కన ఉంటారు. పైగా అంత వాలులో దిగే వేగం మామూలుకంటే బాగా ఎక్కువ. టేకాఫ్‌లో ఎదురుగాలి 20 ఉంటే ఇప్పుడది వెనకగాలి, నేల మీద వేగం 40 తేడా.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈ బళ్లలో ప్రొపెల్లర్ వెనక ఉంటుంది, దాని గాలి నేరుగా రడ్డర్‌కి, అంటే తోక మీది చుక్కానికి తగులుతుంది. ఇంజిన్ ఆగగానే ఆ గాలి పోతుంది, ముక్కు ఒక పక్కకి లాగుతుంది, పెడల్ మెత్తబడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మలుపు తిప్పమని కొత్త కుర్రాడికి చెప్తున్నారు మీరు.

సియెర్వా పేరు ఎత్తారు కాబట్టి: ఆయన 1936 డిసెంబర్‌లో లండన్ క్రోయ్‌డన్‌లో పోయారు, టేకాఫ్ అవుతున్న ప్రయాణికుల విమానంలో.

రోటర్‌బాబాయ్
ఆ చివరి లైన్ నా పక్షమే కదా సార్. జైరో ఎక్కుంటే బతికేవాడు!

చిత్తూరు_వింగ్స్
ఆ రోజు పొగమంచు. పొగమంచులో జైరో కూడా లేవకూడదు. మీకు అన్నీ మీ పక్షమే కనిపిస్తాయి.

పలమనేరు_పానా
ఇద్దరూ ఇంజిన్ ఆగాక ఏం చేయాలని కొట్టుకుంటున్నారు. ఆగకుండా చూసుకోండన్నా ముందు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. ఈ బళ్లలో ఉండే రోటాక్స్ 912 ఇంజిన్‌కి కంపెనీ ఒప్పుకునేది 10 శాతం వరకే. దానికి తోడు మన ఎండ. నీడ లేని చోట ఒక గంట నిలబెట్టి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేసి లేస్తే పైపుల్లో పెట్రోల్ ఆవిరై ఇంజిన్ దగ్గుతుంది. లేచే ముందు 4,000 ఆర్‌పీఎం దగ్గర రెండు ఇగ్నిషన్లూ ఒక్కొక్కటిగా ఆపి చూడండి. 300కి మించి పడిపోతే ఆ రోజు ఎగరొద్దు. ఎంతమంది చేస్తున్నారు? నా షెడ్డుకి వచ్చేవాళ్లలో సగం మంది "బాగానే ఉందన్నా, సౌండ్ బాగుంది" అంటారు. సౌండ్ వినడానికి నేనేమైనా నాదస్వరం విద్వాంసుడినా?

ఊరికే_చూస్తుంటా
పానా అన్నకి ఓటు.

రోటర్‌బాబాయ్
పెట్రోల్ సంగతి ఇంకో థ్రెడ్‌లో పెట్టు పానా, ఇక్కడ కలపొద్దు.

వింగ్స్ సార్‌కి: మీ లెక్క విమానం లెక్కే. రన్‌వే మీదికే రావాలని ఎవరన్నారు? 160 మీటర్లు పక్కన వేరుశనగ చేను ఉంటే అదే నాకు రన్‌వే. ఒక ఇల్లు పట్టేంత చోటు చాలు. పైగా 100లోనే ఎందుకు తిప్పాలి? 60లో తిప్పితే వ్యాసార్థం 30 మీటర్లు కూడా ఉండదు. ఇంకా చెప్పాలంటే ముందుకి వేగం సున్నా అయినా జైరో గొడుగులా నిలువునా దిగుతుంది, ఎవరినైనా అడగండి. విమానం అలా దిగుతుందా? మీరు మైక్రోలైట్‌లు (చిన్న తేలిక విమానాలు) నడిపారు, గౌరవం ఉంది. కానీ జైరో సీట్లో కూర్చోకుండా జైరో గురించి పాఠం చెప్పకండి.

చిత్తూరు_వింగ్స్
కూర్చున్నాను. ఫొటోలు పెట్టుకోలేదు, అంతే.

మీ గొడుగు సంగతి. నిలువునా దిగుతుంది, నిజమే, వెయ్యి అడుగుల పైన. ఆ దిగుడులోంచి ముక్కు దించి, వేగం తెచ్చుకుని, నేల దగ్గర మళ్లీ ముక్కు ఎత్తి నెమ్మదించడానికి కొన్ని వందల అడుగులు తినేస్తుంది. ఆ ఎత్తు లేకపోతే అలాగే వచ్చి నేలకి కొట్టుకుంటారు, నడుము మిగలదు. ప్రతి జైరో పుస్తకంలోనూ ఎత్తుకీ వేగానికీ గీసిన చార్ట్ ఒకటి ఉంటుంది. తక్కువ ఎత్తు, తక్కువ వేగం కలిసిన చోట ఇంజిన్ ఆగితే ఏ పైలట్టూ కాపాడలేడు. దాన్ని డెడ్ మ్యాన్స్ కర్వ్ అని ఊరికే అనలేదు. మీరు 60లో తిప్పమంటున్నది అందులోకే.

మీరు పెట్టిన వీడియో కూడా చూశాను. నేల వదలగానే ముక్కు ఆకాశానికి ఎత్తారు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. అక్కడ ఇంజిన్ ఆగి ఉంటే వెనక్కి తిరగడమా, ముందుకి దిగడమా అన్న ప్రశ్నే ఉండదు. నేల వదిలాక నాలుగైదు అడుగుల ఎత్తులోనే ఉండి వేగం పెరగనిచ్చి, పుస్తకంలో రాసిన ఎక్కే వేగం వచ్చాకే పైకి పోవాలి. ఇద్దరు ఎక్కి, 40 దాటిన ఎండలో లేస్తుంటే అది ఇంకా ముఖ్యం. బండి సరిగ్గా పైకి ఎక్కదు.

కొత్తరెక్కలు
సార్, ఒక చిన్న సందేహం. ఇంజిన్ ఆగగానే ముక్కు దించాలి అన్నారు కదా. అంటే స్టిక్ గట్టిగా ముందుకి తోసేయాలా?

రోటర్‌బాబాయ్
వద్దు! అది మాత్రం చేయకు. గట్టిగా తోస్తే రోటర్ మీద బరువు పోతుంది. బరువు పోతే కింద నుంచి వచ్చే గాలి పోతుంది, తిరుగుడు పడిపోతుంది. బాగా పడిపోతే మళ్లీ తెచ్చుకోలేవు. కడుపులో తేలిపోయినట్టు అనిపించిందంటే చేయి ఎక్కువైందని అర్థం. మెత్తగా దించాలి, ఆలస్యం మాత్రం చేయకూడదు.

చిత్తూరు_వింగ్స్
ఇది బాబాయ్ గారు కరెక్టుగా చెప్పారు. అందుకే ముక్కు ఆకాశంలో పెట్టుకోవద్దంటున్నా. పెద్ద కోణంలో ఉంటే మెత్తగా దించే టైమ్ ఉండదు, గట్టిగా తోస్తే రోటర్ పోతుంది.

ఊరికే_చూస్తుంటా
ఇద్దరూ ఒప్పుకున్నారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

తోతాపురి_రైతు
అయ్యా, నేను ఎగిరేవాడిని కాదు, కింద ఉండేవాడిని. "ఎదురుగా ఏముంటే అందులో దిగండి" అంటున్నారే, ఆ ఎదురుగా ఉండేది ఎవరివి? మా చెట్లు. కాయ పక్వానికి వచ్చిన టైమ్‌లో వీపుకి ఇంజిన్ కట్టుకుని పారాచూట్‌తో ఎగిరే పారామోటార్ అబ్బాయి ఒకడు మా తోటలో పడ్డాడు. దేవుడి దయ, దెబ్బలేం తగల్లేదు. కంచె తీగ తెగింది, డ్రిప్ పైపులు చిరిగాయి, కొమ్మలు విరిగాయి. చూడ్డానికి ఊరంతా తోటలోకి దిగి మిగిలిన కాయలు తొక్కేసింది. ఆ అబ్బాయిని కారులో తీసుకుపోయారు. మళ్లీ ఒక ఫోన్ లేదు. తోతాపురి రేటు ఎట్లుంటుందో మీకు తెలుసు. పరిహారం ఎవరిస్తారు?

చిత్తూరు_వింగ్స్
మీ బాధ అర్థమైంది. కానీ ప్రాణం ముందు, చెట్లు తర్వాత.

తోతాపురి_రైతు
ప్రాణం ముందు అని నేనూ ఒప్పుకుంటా. తర్వాత అన్నారే, ఆ తర్వాత ఎప్పుడు?

రోటర్‌బాబాయ్
చూశారా సార్? ఎదురుగా దిగితే రైతుకి నష్టం. అందుకే వెనక్కి తిరిగి మన స్థలంలోనే దిగాలంటున్నా.

చిత్తూరు_వింగ్స్
ఇప్పుడు రైతు మీద ప్రేమ వచ్చిందా? నేను ఎగిరిన క్లబ్బు ఎందుకు మూతపడిందో తెలుసా? మీలాంటి ఒక మొనగాడు ఇంజిన్ ఆగాక తిరిగి వస్తానని తిరిగాడు. పోలీసులు, కలెక్టర్ ఆఫీసు, పేపర్లో ఫొటో. తప్పు చేసింది ఒకడు, షెడ్డుకి తాళం పడింది అందరికీ. నా బండి అందులోనే తుప్పు పట్టింది. మీకిది వాదన. నాకు పర్మిషన్ల సంగతి. ఇంకో ప్రమాదం జరిగితే ఈ జిల్లాల్లో ఇక ఎవరినీ ఎగరనివ్వరు.

రోటర్‌బాబాయ్
అదన్నమాట. మీ బండి తుప్పు పట్టింది కాబట్టి నా బండి లేవకూడదు. రెండు వారాలుగా మీ ఏడుపు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది.

అడ్మిన్
వ్యక్తిగతంగా పోవద్దు. ఇంకొక్కటి వస్తే థ్రెడ్ మూసేస్తా.

తోతాపురి_రైతు
మూసే ముందు నేనొకటి అడగాలి అడ్మిన్ గారూ. బాబాయ్ గారూ, స్వర్ణముఖి ఒడ్డున మీరు లీజుకి మాట్లాడుతున్న స్ట్రిప్, అదే బళ్లు లేచి దిగే స్థలం, మాకు తెలుసు. దాని పడమటి కొసన మా తోట ఉంది. తోట దాటగానే హైటెన్షన్ లైన్. ఆషాఢంలో గాలి పడమటి నుంచే కొడుతుంది, కాబట్టి మీరు అటే లేవాలి. ఎదురుగా దిగడానికి జానెడు చోటు లేదు. అందుకే కదా సామీ, వెనక్కి తిరగొచ్చు, తిరగొచ్చు అని ఊరంతా చెప్తున్నారు?

ఊరికే_చూస్తుంటా
ఆఁ?

చిత్తూరు_వింగ్స్
ఇది నిజమా బాబాయ్ గారూ?

రోటర్‌బాబాయ్
లీజు ఇంకా ఖాయం కాలేదు. అయినా దాచేదేముంది? మీరే చూపించండి ఒక స్థలం. రేణిగుంట వైపు పోతే ఎయిర్‌పోర్టు. శేషాచలం వైపు పోతే తిరుమల మీద ఎగరొద్దని ఎప్పటి నుంచో ఉన్న గొడవ, దానికి తోడు కొండ దాటి వచ్చే గాలి ఎగుడుదిగుళ్లు. మిగతాదంతా తోటలు, లేఔట్లు, బోర్ల కరెంటు తీగలు. మూడు వైపులా మైదానం, నాలుగో వైపు చెరువు ఉండే స్థలం కావాలంటే మన దగ్గర ఎవడూ ఎగరలేడు. ఎగరాలనుకునేవాడు ఉన్నదాంతో సర్దుకోవాలి. గాలి తక్కువ ఉన్న రోజు తూర్పుకే లేస్తాం. అటు ఖాళీ పొలాలే.

చిత్తూరు_వింగ్స్
గాలి ఎక్కువ ఉన్న రోజు?

రోటర్‌బాబాయ్
ఎగరం.

చిత్తూరు_వింగ్స్
ఈ ఒక్క మాట మొదటి రోజే రాసి ఉంటే నేను ఇంత టైప్ చేసేవాడిని కాదు. ఎన్ని డిగ్రీలు వాల్చి తిప్పాలన్నది కాదు నా గొడవ. తిరిగితేనే బతికే చోట నుంచి డబ్బులిచ్చిన మనిషిని ఎక్కించుకుని లేవకూడదు, అంతే. మీరు "ఎగరం" అంటున్నారు. ఆదివారం, దర్శనం చేసుకుని వచ్చిన యాత్రికులు జాయ్‌రైడ్ టికెట్లు కొని లైన్లో ఉన్నారు. పదకొండు గంటలకి గాలి పడమటి నుంచి కొట్టడం మొదలైంది. డబ్బులు తిరిగిస్తారా? స్ట్రిప్ గేటు దగ్గర బోర్డు మీద రాసి పెడతారా, పడమటి గాలికి ఎగరడం లేదని?

రోటర్‌బాబాయ్
నా వ్యాపారం ఎలా నడపాలో బోర్డు రాసి నేర్పిస్తారా మీరు?

పలమనేరు_పానా
బోర్డు నేను రాయిస్తా అన్నా, ఫ్రీ. కింద పెట్రోల్ సంగతి కూడా రాస్తా.

తోతాపురి_రైతు
బోర్డు పెట్టినా, పెట్టకపోయినా కంచెకి అడ్వాన్స్ డిపాజిట్ కట్టాలి. ఊళ్లో మాట్లాడదాం రండి.

కొత్తరెక్కలు
బాబాయ్, నాకు ఫోన్ చేసిన స్కూలు వాళ్లు "నది ఒడ్డు స్ట్రిప్" అనే చెప్పారు. నేను సగం ఫీజు కట్టేశాను. అది ఇదేనా?

రోటర్‌బాబాయ్
ఇన్‌బాక్స్‌లోకి రా తమ్ముడూ.

చిత్తూరు_వింగ్స్
ఇన్‌బాక్స్ ఎందుకు? ఇక్కడే చెప్పండి.

పలమనేరు_పానా
రసీదు ఇచ్చారా తమ్ముడూ?