డీఎస్ఎల్ఆర్ నుంచి మిర్రర్‌లెస్‌కి మారినవాళ్లు చెప్పండి, పాత లెన్సుల సంగతేంటి?

చీకటిగది:
11 ఏళ్లుగా ఒకటే నికాన్ డీఎస్ఎల్ఆర్‌తో (లోపల అద్దం ఉండే కెమెరా) నెట్టుకొస్తున్నా. ఇక ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారదామని ఉంది. నా దగ్గరున్న లెన్సులు మూడు: 50ఎంఎం ఎఫ్/1.8డి, 85ఎంఎం ఎఫ్/1.8డి, ఒక ఏఎఫ్-ఎస్ 70-300. సెలవు రోజుల్లో పిట్టలు, అప్పుడప్పుడు స్టేజీ మీద డాన్స్ ప్రోగ్రాములు తీస్తుంటా. నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ బాడీ కొని, పాత లెన్సులకి అడాప్టర్ తగిలిస్తే సరిపోతుందా, లేక లెన్సులు కూడా మొదటి నుంచి కొనుక్కోవాల్సిందేనా? రివ్యూల్లో అందరూ బాడీ గురించే మాట్లాడుతున్నారు. వాడినవాళ్ల మాట కావాలి.

లెన్స్‌పిచ్చి:
ముందు ఒక పని చేయండి. ఆ 50ని బాడీ నుంచి విప్పి వెనక్కి తిప్పి చూడండి. మౌంటు రింగు (లెన్సు బాడీకి తగులుకునే చోటు) అంచున గాడి ఉన్న చిన్న స్క్రూ తల ఒకటి కనిపిస్తుంది. పాత బాడీలో ఉన్న మోటారు ఆ గాడిలోకి దిగి లెన్సును తిప్పితేనే ఆటోఫోకస్ పనిచేసేది. పాత ఎఫ్ మౌంటు లెన్సుల్ని జెడ్ బాడీకి తగిలించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటారు లేదు, రెండో వెర్షన్‌లోనూ లేదు. అంటే ఆ అడాప్టర్‌తో మీ రెండు డి లెన్సులూ జెడ్ బాడీ మీద చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. ఎపర్చర్, మీటరింగ్ మామూలుగానే పనిచేస్తాయి. 70-300లో సొంత మోటారు ఉంది కాబట్టి దానికి బెంగ లేదు.

అసలు అడాప్టర్ ఎలా కుదురుతుందంటే, అద్దం పోయింది కాబట్టి లెన్స్ సెన్సర్‌కి దగ్గరగా జరిగింది. ఎఫ్ మౌంటుకి ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు, జెడ్‌కి 16. మిగిలిన 30.5 మిల్లీమీటర్ల ఖాళీని నింపే గొట్టమే అడాప్టర్. లోపల గాజు ఉండదు, అందుకే క్వాలిటీ తగ్గదు. కానన్ వాళ్లకి ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. 1987లో ఈఎఫ్ మౌంటు తెచ్చినప్పుడే మోటారును లెన్సులో పెట్టేశారు. ఆనాటి లెన్సు కూడా అడాప్టర్‌తో వాళ్ల మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ బాడీ మీద ఆటోఫోకస్ అవుతుంది.

చీకటిగది:
విప్పి చూశా. రెండిటికీ ఉంది స్క్రూ. ఇన్నేళ్లు వాడి దాన్ని ఒక్కసారీ గమనించలేదు!

నలుపుతెలుపు:
85డిని అమ్మేయకండి. చేత్తో ఫోకస్ చేయడం మిర్రర్‌లెస్‌లోనే సుఖం. నేను హీలియోస్ 44-2 లాంటి పాత స్క్రూ మౌంటు లెన్సులే వాడతాను. ఒక్క జాగ్రత్త: ఫోకస్ పీకింగ్‌ని (ఫోకస్‌లో ఉన్న అంచుల మీద రంగు గీతలు చూపించే సదుపాయం) నమ్మొద్దు. ఎఫ్/1.8 దగ్గర కనురెప్ప మీద ఎర్రగీతలు మిలమిలా మెరుస్తాయి, తీరా కంప్యూటర్లో చూస్తే షార్ప్‌గా ఉన్నది కనుబొమ్మ. ఒకటిన్నర మీటరు దూరంలో 85ఎంఎం ఎఫ్/1.8కి ఫోకస్‌లో ఉండేది సుమారు 3 సెంటీమీటర్లే. బటన్‌కి జూమ్ పెట్టుకుని కంటిపాపను పెద్దది చేసి ఫోకస్ చేయండి. చేశాక ఊగకండి. ఎదుటివాళ్లు ఊగితే మాత్రం మనమేం చేయలేం.

గంటకొక్కఫోటో:
స్టేజీ ప్రోగ్రాములు అన్నారు కాబట్టి నా గోడు వినండి. బ్రాండు పేరు వద్దు, తప్పు నాదే. కొత్త మిర్రర్‌లెస్ చేతికొచ్చిన మొదటి వారం ఒక డాన్స్ ప్రోగ్రాం. చప్పుడు రాకూడదని సైలెంట్ మోడ్ పెట్టి, నాలుగొందల ఫొటోలు తీశా. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫొటోలోనూ అడ్డంగా చారలు. డాన్సర్ ముఖం మీద ఒకటి, నడుము మీద ఒకటి. వెనక తెర జీబ్రాలా ఉంది. వ్యూఫైండర్‌లో కనిపించే ఉంటుంది, ఆ హడావిడిలో పట్టించుకోలేదు. ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోలేదు.

సంగతేంటంటే, ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. మీరు 1/500 పెట్టినా, మొత్తం చదవడానికి మామూలు ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌కి 1/15 సెకను దాకా పట్టొచ్చు. ఈలోపు ఎల్ఈడీ దీపాలు ఎన్నోసార్లు వెలిగి ఆరిపోతాయి. ఆరినప్పుడు చదివిన వరసలు నల్ల చారలవుతాయి. మెకానికల్ షట్టర్ ఆ దూరాన్ని దాదాపు 1/250లో దాటేస్తుంది కాబట్టి ఇంత ఘోరం జరగదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఊపుతున్న కర్ర వంగినట్టు కనిపించేదీ ఈ వరసల చదువు వల్లే.

అందుకని స్పెక్ షీట్‌లో మెగాపిక్సెల్స్ తర్వాత, వీలైతే ముందే, రీడౌట్ స్పీడ్ (సెన్సర్‌ని చదివే వేగం) చూడండి. స్టాక్డ్ సెన్సర్ (వేగంగా చదివేందుకు పొరలుగా పేర్చిన సెన్సర్) ఉన్న నికాన్ జెడ్9 సుమారు 1/270లో చదివేస్తుంది, అందుకే 2021లో వచ్చినప్పుడు అసలు మెకానికల్ షట్టరే పెట్టలేదు. 2024లో వచ్చిన జెడ్6 మార్క్ 3ది పాక్షిక స్టాక్డ్ సెన్సర్, రెండిటికీ మధ్యలో ఉంటుంది. సోనీ ఏ9 మార్క్ 3లో గ్లోబల్ షట్టర్, అన్ని పిక్సెల్స్‌నీ ఒకేసారి పట్టుకుంటుంది. దానికీ ఖర్చుంది: బేస్ ఐఎస్ఓ 250 నుంచి మొదలు.

చీకటిగది:
మరి మామూలు సెన్సర్ బాడీ కొంటే స్టేజీకి పనికిరాదా?

గంటకొక్కఫోటో:
పనికిరాకేం, మెకానికల్‌లో పెట్టుకోండి చాలు. కరెంటు 50 హెర్ట్జ్ అయితే మామూలు బల్బులకి 1/50, 1/100 క్షేమం. స్టేజీ ఎల్ఈడీలు వాటి ఇష్టం వచ్చిన వేగంతో కొట్టుకుంటాయి కాబట్టి షట్టర్ స్పీడును చిన్న చిన్న మెట్లలో మార్చే ఫ్లికర్ ఆప్షన్ ఉందేమో చూసుకోండి. వ్యూఫైండర్‌లో చారలు ఆగేదాకా డయల్ తిప్పడమే. ప్రోగ్రాం మొదలయ్యే ముందు, దీపాలు టెస్ట్ చేస్తున్నప్పుడే ఈ పని కానిచ్చేయాలి.

కొత్తకన్ను:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నిన్ననే కొన్నాను. ఆఫ్ చేసి ఊపితే లోపల ఏదో వదులైనట్టు టకటక అంటోంది. రాత్రంతా టెన్షన్. విరిగిందా?

లెన్స్‌పిచ్చి:
లేదు తమ్ముడూ, హాయిగా పడుకో. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే సెన్సర్ గాల్లో తేలినట్టు ఉంటుంది. పవర్ లేనప్పుడు దాన్ని పట్టుకునేది ఉండదు, అందుకే ఆ చప్పుడు. ఆన్ చేస్తే ఆగుతుంది. ఊపి ఊపి చూడటం మాత్రం మానెయ్.

పిట్టలదొర:
పిట్టల మాటెత్తారు కదా, వచ్చేశా.

పిట్ట కంటిని కెమెరానే వెతికి పట్టుకునే కంటి డిటెక్షన్ వచ్చాక నా కీపర్ల (ఉంచుకోదగ్గ ఫొటోల) లెక్క మారిపోయింది. దానికన్నా నన్ను పడేసింది ప్రీ-క్యాప్చర్. లకుముకి పిట్ట కొమ్మ మీద కూర్చుంటుంది. మనం బటన్ సగం నొక్కి చూస్తుంటాం. అది ఎగిరిందని కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు నొక్కేసరికి పావు సెకను పోతుంది, పిట్ట ఫ్రేములో ఉండదు. ప్రీ-క్యాప్చర్‌లో బటన్ పూర్తిగా నొక్కకముందటి ఫ్రేములు కూడా కార్డులోకి వస్తాయి. కాళ్లు కొమ్మను వదిలే ఫ్రేము నాకు జీవితంలో మొదటిసారి అలా దొరికింది. ఇదేం నిన్న మొన్నటిది కాదు, ఒలింపస్ ఈ-ఎం1 మార్క్ 2లో 2016లోనే ఉంది. కొనేముందు ఒకటి కనుక్కోండి: రా ఫైళ్లు (సెన్సర్ పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంచేవి) ఇస్తుందా, జేపెగ్ మాత్రమేనా. కొన్నిట్లో జేపెగ్గే.

దాని ఇంకో ముఖం కూడా చెప్పాలి. ఒక్క ఉదయానికి మూడు వేల ఫొటోలు. వాటిలో ఉంచుకునేది ఎనిమిది. పిట్టల ముందు కన్నా కంప్యూటర్ ముందే ఎక్కువ సేపు కూర్చుంటున్నా, ఇంట్లో మాటలు పడుతున్నా.

బరువు తగ్గుతుందని మాత్రం మురిసిపోకండి. బాడీ తగ్గుతుంది, టెలిఫొటో తగ్గదు. 600ఎంఎం ఎఫ్/6.3 అంటే ముందు గాజు కనీసం 95 మిల్లీమీటర్లు ఉండాలి, అద్దం తీసేసినంత మాత్రాన ఆ లెక్క మారదు. నికాన్ 180-600, సోనీ 200-600 రెండూ రెండు కిలోల చుట్టుపక్కలే. జూమ్ చేస్తే పొడవు పెరగకపోవడం రెండిటిలోనూ హాయి. కానన్ ఆర్ఎఫ్ 600 ఎఫ్/11 కిలో లోపే, కానీ ఎఫ్/11 దగ్గరే బిగించేసి ఉంటుంది. పొద్దు వాలితే సర్దుకుని ఇంటికి రావడమే.

రాఫైల్:
ఎవరూ చెప్పలేదు కాబట్టి: మౌంటు ఎంచుకుంటున్నప్పుడు ఆ కంపెనీ లెన్సులే కాదు, బయటివాళ్ల లెన్సులు కూడా చూడండి. సోనీ తన ‘ఈ’ (E) మౌంటు వివరాల్ని 2011లోనే బయటపెట్టింది, అందుకే సిగ్మా, టామ్రాన్ లాంటి బయటి కంపెనీల లెన్సులు దానికి రాశులు పోసినట్టున్నాయి. కానన్ ఆర్ఎఫ్‌లో 2024లో సిగ్మా, టామ్రాన్‌లకి తలుపు తెరిచారు, అదీ ఏపీఎస్-సి (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) లెన్సులకి.

ఇంకోటి, కొత్త చిన్న లెన్సులతో తీసిన ఫొటోల్ని ప్రొఫైల్ (లెన్సు లోపాల్ని సవరించే లెక్క) లేకుండా తెరిస్తే గుండె ఆగుతుంది. ఆర్ఎఫ్ 16ఎంఎం ఎఫ్/2.8 రా ఫైల్‌ని సవరణ లేకుండా చూడండి, గీతలన్నీ ఉబ్బి మూలలు చీకటిగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ సాగదీసి కత్తిరించాకే మనకి తెలిసిన ఫొటో అవుతుంది.

నలుపుతెలుపు:
దీన్నే నేను లెన్స్ అనను. గాజు చేయాల్సిన పని కంప్యూటర్ మీదికి తోశారు.

లెన్స్‌పిచ్చి:
అయ్యా, ఆ లెన్స్ జేబులో పడుతుంది. పాత పద్ధతిలో చేస్తే దాని కోసం వేరే సంచి మోయాలి. మూలల్లో కాస్త షార్ప్‌నెస్ పోతుంది, ఒప్పుకుంటా. జేబులో ఉన్న లెన్సుతో తీసిన ఫొటోలు నాకు వందలున్నాయి. సంచిలో ఉండిపోయిన లెన్సుతో ఒక్కటీ లేదు.

రాఫైల్:
మీ ఇద్దరి గొడవ రెండేళ్ల పాతది, వదిలేయండి. చీకటిగది గారూ, బ్యాటరీలు ఒకటికి రెండు పెట్టుకోండి. డీఎస్ఎల్ఆర్ అయిన నికాన్ డి750కి ఒక ఛార్జింగ్‌కి రేటింగ్ 1230 షాట్లు, మిర్రర్‌లెస్ అయిన సోనీ ఏ7 మార్క్ 3కి వ్యూఫైండర్‌తో 610. ఆ రోజుల్లో మిర్రర్‌లెస్‌లో అదే గొప్ప.

చీకటిగది:
రెండు వారాల తర్వాత వచ్చి చెబుతున్నా. స్నేహితుడి దగ్గర జెడ్6 మార్క్ 3, అడాప్టర్ శని ఆదివారాలకి తెచ్చుకున్నా. 70-300 ఇంతకుముందు కన్నా కచ్చితంగా పట్టుకుంటోంది. 85డిని జూమ్ చేసి ఫోకస్ చేశా. ముప్ఫై ఫొటోల్లో పదకొండు కంటి మీదే పడ్డాయి, నాకది చాలు. 50ని అమ్మేసి 40ఎంఎం ఎఫ్/2 తీసుకుంటున్నా, 170 గ్రాములేనట. పిట్టల లెన్స్ వచ్చే ఏడాది చూద్దాం.

నవ్వకండి, ఒకటి చెప్తా. మొదటి రోజు పొద్దున గట్టు మీద కొంగ కనిపించి కెమెరా కంటికి పెట్టుకుంటే అంతా చీకటి. లెన్స్ మూత తీయలేదేమోనని చేత్తో తడిమా. తీసే ఉంది. కెమెరా ఆన్ చేయలేదు, అంతే. 11 ఏళ్లు ఆఫ్‌లో ఉన్నా అద్దంలోంచి చూసిన అలవాటు. కొంగ పోయింది.

పిట్టలదొర:
నాకా అలవాటు పోవడానికి ఆరు నెలలు పట్టింది. కొంగలయితే లెక్కే పెట్టలేదు.