అమ్మకి ముగ్గురు డాక్టర్లు, మూడు చీటీలు. మొత్తం కలిపి ఎవరు చూస్తారు?

తొర్రూరు_కొడుకు:

అమ్మకి 63 ఏళ్లు. తొర్రూరు దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది, నేను కూకట్‌పల్లిలో. షుగర్ 11 ఏళ్లుగా, బీపీ ఆరేళ్లుగా.

దసరాకి వెళ్లినప్పుడు ఆమె మందుల డబ్బా మంచం మీద బోర్లించాను. తొమ్మిది రకాల గోలీలు. షుగర్ డాక్టరు రాసిన వాటిలో బీపీ మందు టెల్మిసార్టాన్ 40 ఉంది. గుండె డాక్టరు రాసిన వాటిలో టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ కలిపిన గోలీ ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది అదే మందు. నాలుగు నెలలుగా రెండూ వేసుకుంటోంది. పొద్దున లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటే షుగర్ వల్లే అనుకున్నాం.

ఇద్దరూ మంచి డాక్టర్లే, తిట్టడానికి నోరు రావట్లేదు. కానీ ఒకరి చీటీ ఇంకొకరు అడగలేదు, అమ్మ చూపించలేదు. ఎందుకమ్మా అంటే "అడగంది ఎట్ల చూపెడ్తరా, ఆయన కోపం చేస్తే?" అంది.

మూడో మనిషి మా ఊరి ఆర్‌ఎంపీ. మోకాళ్ల నొప్పులకి నెలకి రెండు సూదులు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ పోయినేడు 1.1, ఇప్పుడు 1.6. పెరిగితే మంచిది కాదు. పదిహేను రోజుల తేడాలో అవే రక్త పరీక్షలు రెండు చోట్లా చేశారు, అది వేరే కథ.

నాకు కావాల్సింది ఒక్కటే. అమ్మని మొత్తంగా చూసే మనిషి ఎవరైనా దొరుకుతారా? నేను నెలకోసారి మాత్రమే వెళ్లగలను.

పల్లెదవాఖాన_సిస్టర్:

తమ్ముడూ, ఆ రెండు గోలీల్లో ఏది ఆపాలో నువ్వు నిర్ణయించకు. ఇవాళే డాక్టరుకి ఫోన్ చెయ్యి.

అంతకంటే తొందరగా ఆగాల్సింది ఆ సూది. పల్లెల్లో నొప్పులకి ఎక్కువగా వేసేది డైక్లోఫెనాక్. కిడ్నీ దెబ్బతింటున్నవాళ్లకి అది అసలు పడదు, టెల్మిసార్టాన్ కూడా వాడుతుంటే ఇంకా ప్రమాదం. 1.6 చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, 63 ఏళ్ల ఆడమనిషికి లెక్క కడితే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 36 చుట్టూ వస్తుంది. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ రోజుకి రెండు గ్రాములు వేసుకుంటుంటే ఆ స్థాయిలో సగానికి తగ్గిస్తారు, 30 కంటే కిందికి పడితే ఆపేస్తారు. ఈ ముక్క డాక్టరుకి గుర్తు చెయ్యి.

ఇక నీ ప్రశ్న. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ మేము బీపీ, షుగర్ చూసి పేరు ఎక్కించుకుంటాం, నెలకి సరిపడా గోలీలు ఇస్తాం. దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైన తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో పెద్ద విద్య ఏమీ లేదు. అందరికీ ఒకే వరసలో మందులు, మనిషికో కార్డు, నెల దాటినా రానివాళ్లకి ఫోన్. నా అనుభవంలో ఫోనే అన్నిటికంటే పనిచేస్తుంది. గోలీలు మానేసినవాళ్లు సిగ్గుపడి దవాఖాన మొహం చూడరు. "రా అమ్మా, ఏమీ అనను" అంటే వస్తారు.

పీహెచ్‌సీలో రక్తం ఇస్తే పరీక్షకి జిల్లా ల్యాబ్ హబ్‌కి పోతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఒక్కో నెల గోలీలు రావు, అబద్ధం చెప్పను. అప్పుడు బయట కొనుక్కోవాలి.

ఖమ్మం_మందులషాపు:

షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. చిన్న అక్షరాల్లో ఉండేదే మందు. ఒక నోటుబుక్కులో ఆ చిన్న పేరే రాసుకోండి. షీటు కత్తిరించి నాలుగు గోలీలు తీసుకుంటే ఒక్కోసారి పేరు ఉన్న ముక్క మా దగ్గరే ఉండిపోతుంది, అందుకని మొత్తం షీటు అడగండి. సాయంత్రం రద్దీలో "ఇంకేమైనా వాడుతున్నారా" అని మేమూ అడగం, ఒప్పుకుంటున్నా.

నర్సరావుపేట_నుంచి:

బ్రదర్, ఆర్‌ఎంపీతో గొడవ పెట్టుకోకండి. మా నాన్న శనివారం ఒక్కపొద్దు ఉండి, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ గోలీ మాత్రం మర్చిపోకుండా వేసుకున్నాడు. అర్ధరాత్రి చెమటలు, మాట తడబాటు. నేను బెంగళూరులో. వెళ్లి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది మా ఆర్‌ఎంపీనే. ఆ రాత్రి పెద్ద డాక్టరు ఎవరొచ్చారు?

మేం చేసింది చెప్తా. 200 పేజీల నోటుబుక్కు కొని, అట్ట మీద ఎర్ర పెన్నుతో "కిడ్నీ జబ్బు ఉంది, నొప్పి సూది వద్దు" అని రాసి ముందు ఆర్‌ఎంపీకే చూపించాం. టౌన్‌లో దగ్గరగా ఉన్న ఫిజీషియన్ ఒకాయన్ని పట్టుకున్నాం. మిగతా ఏ డాక్టరు ఏం రాసినా ఆయన చూసి సరే అన్నాకే గోలీ డబ్బాలోకి వెళ్తుంది. ఆయనేమీ స్పెషలిస్టు కాదు, కాకపోతే నాన్న పేరు ఆయనకి గుర్తుంటుంది.

తొర్రూరు_కొడుకు:

మూడు వారాలైంది, చెప్పాలి కదా. ఫోన్‌లోనే షుగర్ డాక్టరు విడి టెల్మిసార్టాన్ ఆపించారు, మెట్‌ఫార్మిన్ సగం చేశారు. కళ్లు తిరగడం తగ్గింది. తొర్రూరులో ఒక ఫిజీషియన్ ఒప్పుకున్నారు. చీటీలన్నీ వరసగా పేర్చి చూసి, "పాదాలు ఎవరైనా చూశారా?" అన్నారు. 11 ఏళ్లలో ఎవరూ చెప్పులు విప్పమనలేదట. కంటి పరీక్ష కూడా చేయించలేదు, అది సంక్రాంతికి.

మేమూ నోటుబుక్కు కొని అట్ట మీద అలాగే రాశాం, అమ్మ దాన్ని రేషన్ కార్డు ఉండే కవర్‌లోనే పెట్టుకుంది. ఆర్‌ఎంపీ అట్ట చదివి "ముందే చెప్తే నేనెందుకు వేస్తా" అన్నాడు, పారాసిటమాల్ ఇచ్చాడు. అమ్మ మాత్రం సూది ఆపించినందుకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. దాంతో నాలుగు రోజులైనా నడిచేదట. మోకాళ్లకి వేరే ఏం చేస్తున్నారో ఎవరైనా చెప్పండి.