మంచు రోడ్డుకి టైర్లు: కారు, పికప్, లారీ

ఇరుసు
ఏటా నాలుగైదు నెలలు మంచు కప్పేసే రోడ్ల మీద తిరగాల్సిన బండ్లు మూడు. ముందు చక్రాలు లాగే కారు (225/45 ఆర్17 సైజు, అంటే వెడల్పు 225 మి.మీ., రిమ్ము 17 అంగుళాలు), ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, ఆరు చక్రాల లారీ. ఎమ్+ఎస్ (మడ్+స్నో, అంటే బురద, మంచు) అని రాసున్న ఆల్ సీజన్ టైర్లు సరిపోతాయా, వింటర్ టైర్లే వెయ్యాలా? కారుకి ముందు రెండూ మారిస్తే చాలదా?

రబ్బరు_పట్టు
ఎమ్+ఎస్ అక్షరాలను నమ్ముకోకండి. ట్రెడ్ (రోడ్డుకు తగిలే టైరు పైభాగం) ఆకారాన్ని బట్టి కంపెనీ తనకు తానే వేసుకునే ముద్ర అది, మంచు మీద పరీక్ష పెట్టనక్కర్లేదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ. తొక్కి గట్టిపడిన మంచు మీద పట్టు పరీక్ష నెగ్గిన టైరుకే అది వేస్తారు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి వింటర్ టైరుగా ఆ బొమ్మ ఉన్నదాన్నే ఒప్పుకుంటున్నారు.

ఆ బొమ్మ కూడా కనీస అర్హతే. ఐసు మీద బ్రేకు ఎలా పడుతుందో అది చెప్పదు. కార్ల టైర్లకు యూరప్ లేబుల్‌లో 2021 మే నుంచి ఐసు పట్టుకు విడిగా ఇంకో గుర్తు వచ్చింది. మీ రోడ్లు అద్దంలా గడ్డకట్టేవైతే అది ఉందో లేదో చూడండి.

అసలు తేడా రబ్బరులో ఉంది. వేసవి టైరు సుమారు 7 డిగ్రీల దిగువకు వచ్చేసరికి బిగుసుకుపోవడం మొదలవుతుంది, రోడ్డు గరుకులోకి దిగదు. వింటర్ టైరు రబ్బరు సున్నాకు బాగా దిగువన కూడా మెత్తగానే ఉంటుంది. ట్రెడ్ దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టు కనిపించే సన్నని చీలికలు మంచును కొరుకుతాయి, ఐసు మీద నీటి పొరను లాగేస్తాయి.

నాలుగు_చక్రాలు
ముందు రెండే మార్చడం ప్రమాదం. ముందు పట్టు ఉంటుంది, వెనక ఉండదు. మలుపులో యాక్సిలరేటర్ వదిలినా, బ్రేకు తొక్కినా వెనక భాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. వెనక రెండే మారిస్తే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. నాలుగూ ఒకే మోడల్ వెయ్యండి.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని పికప్‌ని వదిలేయకండి. కదలడానికి నాలుగు చక్రాలూ సాయం చేస్తాయి సరే, ఆగడానికి ఏ కారుకైనా, పికప్‌కైనా ఉన్నవి నాలుగే. బ్రేకు దూరాన్ని తేల్చేది టైరే.

రబ్బరు_పట్టు
ఇక వింటర్ టైర్లలో రకం. ఎక్కువగా తడి, చలి, అప్పుడప్పుడు మంచు ఉండి, హైవే మీద వేగంగా వెళ్లేవాళ్లకు ఆల్పైన్ రకం (హెచ్, వి వేగం రేటింగులు, అంటే టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెప్పే అక్షరాలు). నెలల తరబడి ఐసు, తొక్కిన మంచు ఉంటే నార్డిక్ రకం. అది ఇంకా మెత్తన, రేటింగు క్యూ, ఆర్, టి దగ్గర ఉంటుంది. క్యూ అంటే గంటకు 160 కి.మీ. వరకే. పొడి రోడ్డు మీద అది కాస్త ఊగినట్టు ఉంటుంది, వేసవిలో వాడితే ఇట్టే అరిగిపోతుంది.

మేకుల టైరు (ట్రెడ్‌లో చిన్న లోహపు మేకులు దిగ్గొట్టినది) తడి ఐసు మీద సాటిలేనిది. ఐసు మహా జారుడుగా ఉండేది సున్నా దగ్గర, పైన నీటి పొర ఉన్నప్పుడు. మైనస్ 20లో అదే ఐసు మీద పట్టు మెరుగ్గా ఉంటుంది. కాబట్టి కరగడం, మళ్లీ గడ్డకట్టడం రోజూ జరిగే చోట మేకులకు విలువ. ఉత్త తారు మీద మాత్రం మోత, రోడ్డు అరుగుదల, బ్రేకు దూరం పెరగడం. కొన్ని దేశాల్లో నిషేధం కూడా, కొనేముందు కనుక్కోండి.

స్పానర్14
225/45 ఆర్17 బదులు 205/55 ఆర్16 చూడండి. మొత్తం వ్యాసం దాదాపు సమానం (634, 632 మి.మీ.), స్పీడోమీటర్ తప్పు చూపించదు. సన్నటి టైరు మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, వెడల్పుది పైన తేలుతుంది. మంచులో పట్టుకోసం టైరు చుట్టూ కట్టే గొలుసు వేయడానికి చోటు కూడా దొరుకుతుంది. 16 అంగుళాల రిమ్ములో బ్రేకు కాలిపర్ (చక్రం లోపల బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగం) పడుతుందో లేదో ముందే కొలవాలి. లోడు ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె) బండి పుస్తకంలో ఉన్నదానికి తగ్గకూడదు: 91 అంటే టైరుకు 615 కిలోలు, 94 అంటే 670.

పికప్‌కి పెద్ద దిమ్మెల మడ్ టైర్లు వద్దు. చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ చీలికలు తక్కువ, రబ్బరు గట్టిది. ఐసు మీద జారిపోతాయి.

లారీ_జంట
లారీ సంగతి వేరు, యాక్సిల్ (ఇరుసు) వారీగా చూడాలి. వెనక బండిని లాగే, పక్కపక్కనే ఉండే జంట టైర్లకు లోతైన దిమ్మెల ట్రెడ్, కొండ బొమ్మ ఉన్నది. చాలామంది అక్కడితో ఆపేస్తారు, అదే తప్పు. ముందు టైర్లు మామూలువైతే లారీ కదులుతుంది, తిరగదు. స్టీరింగ్ యాక్సిల్‌కీ కొండ బొమ్మ ఉన్నదే వెయ్యండి. ట్రైలర్ ఉంటే దాని టైర్లు కూడా చూడండి. ఖాళీ ట్రైలర్ చక్రాలు బ్రేకుకు బిగుసుకుని పక్కకు ఊగేస్తాయి.

జంటలో రెండు టైర్ల వ్యాసం తేడా 6 మి.మీ. దాటనివ్వకండి. పెద్దది బరువంతా మోస్తుంది, చిన్నది రాసుకుంటూ అరుగుతుంది, మంచు మీద దానికి పట్టే ఉండదు. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపితే జరిగేది ఇదే. రెండింటి మధ్య ఇరుక్కున్న ఐసు గడ్డలు, రాళ్లు బయల్దేరే ముందు తీసేయాలి. రీబటన్ టైర్లు (పాత టైరుకు కొత్త ట్రెడ్ అంటించినవి) లాగే యాక్సిల్‌కి ఫరవాలేదు, ట్రెడ్ మంచుకు చేసినదై ఉండాలి.

ఇరుసు
మంచులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందంటారు. నిజమా?

స్పానర్14
లోతైన మెత్తటి మంచులో ఇరుక్కున్నప్పుడు బయటపడటానికి పనికొస్తుంది, రోడ్డు మీద కాదు. చలి ఎలాగూ గాలి తగ్గించేస్తుంది. 20 డిగ్రీల షెడ్డులో 33 పీఎస్ఐ పెట్టిన కారు టైరు మైనస్ 15లో దాదాపు 27కి దిగుతుంది. లారీ టైరు 110 నుంచి 95కి. అంత తగ్గితే టైరు అంచులు వేడెక్కుతాయి, చీలికలు మూసుకుపోతాయి. బయట చలిలో, బండి కదలకముందే కొలిచి నింపండి.

నాలుగు_చక్రాలు
పాత స్టాకు అంటగడతారు, తేదీ చూడండి. టైరు పక్కగోడ మీది కోడ్‌లో చివరి నాలుగంకెలు 3523 అని ఉంటే 2023లో 35వ వారం చేసిందని. కారు టైరు ట్రెడ్ 4 మి.మీ.కి వస్తే మంచుకు పనికిరాదు, చట్టం 1.6 వరకు ఒప్పుకున్నా సరే.

లారీ_జంట
బాణం గుర్తున్న టైరును తిరగేసి బిగిస్తే మంచు బయటికి పోకుండా ట్రెడ్ గాడుల్లోనే కూరుకుపోతుంది. చక్రాలు మార్చాక 50 నుంచి 100 కి.మీ. నడిచి నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. గొలుసులదీ అంతే. వేసి కొద్ది దూరం వెళ్లాక దిగి మళ్లీ లాగి కట్టాలి, వదులుగా ఉంటే బ్రేకు పైపుకు తగిలి తెంపేస్తుంది.