గోల్ఫ్ క్లబ్బులకి షాఫ్ట్ ఫిట్టింగ్ (మన స్వింగ్‌కి సరిపడే క్లబ్ కర్రలు ఎంచి అమర్చడం) ఇప్పుడే చేయించుకోవాలా, స్వింగ్ కుదిరాకా?

డాలస్‌లో ఉంటాను, గోల్ఫ్ మొదలుపెట్టి ఏడాది దాటింది. ఐరన్లు (లోహపు పలక లాంటి తల ఉండే క్లబ్బులు) సెకండ్ హ్యాండ్‌వి, స్టీల్ షాఫ్టులు, రెగ్యులర్ రకం, అంటే ఓ మోస్తరుగా వంగేవి. ఈమధ్య లాంచ్ మానిటర్‌లో (స్వింగ్‌నీ బంతినీ కొలిచే పరికరం) డ్రైవర్ (బాగా దూరం కొట్టే పొడవాటి క్లబ్) స్వింగ్ స్పీడ్ గంటకు 95 మైళ్ల దగ్గర చూపిస్తోంది, అంటే రెగ్యులర్‌కీ, తక్కువ వంగే స్టిఫ్‌కీ మధ్యలో ఇరుక్కున్నట్టే. కోచ్ ఇంకా నా స్వింగ్ మారుస్తూనే ఉన్నారు, ఇప్పుడు బోలెడు డబ్బు పోసి ఫిట్టింగ్ చేయించుకుంటే ఆర్నెల్లకే ఆ లెక్కలన్నీ మారిపోతాయేమోనని టెన్షన్. అలాగని సరిపడని షాఫ్టుతోనే ప్రాక్టీస్ చేస్తే దానికి తగ్గట్టు చెడు అలవాట్లు పడతాయంటారు, అదీ నిజమేననిపిస్తుంది. నేను ఆరడుగుల పైనే, కాబట్టి ప్రస్తుతానికి పొడవు, లై యాంగిల్ (షాఫ్టుకీ క్లబ్ తలకీ మధ్య కోణం) మాత్రం సరిచేయించుకుని, ఫ్లెక్స్ (షాఫ్ట్ ఎంత వంగుతుందనేది), బరువు సంగతి తర్వాత చూసుకోవచ్చా? మీరు ఏ దశలో చేయించుకున్నారు? బంతులు అటూ ఇటూ చెదరడం నిజంగా తగ్గిందా, లేక అది కొత్త క్లబ్బుల సంబరమేనా?