పంటి పింగాణీ మీద జిర్కోనియా (గట్టి సిరామిక్) పలుచని పూత: బలం పెరగడం లేదెందుకు?

పలుచపొర:
ఫెల్డ్‌స్పార్ పింగాణీ బిళ్లలు, 14 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం. ఒక ముఖాన 3 మోల్ శాతం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిసిన జిర్కోనియాను ఆర్ఎఫ్ స్పటరింగ్‌తో (శూన్యగదిలో ఆర్గాన్ అయాన్లతో కొట్టి, ఎగిరిన అణువులను పొరగా పేర్చే పద్ధతి) 3 మైక్రాన్లు వేశాం. మూడు ఉక్కు గుండ్ల మీద పెట్టి, పూత పైకి ఉంచి పిస్టన్‌తో విరిస్తే, పూత లేని బిళ్లలతో తేడా దాదాపు లేదు. కొన్నిటికి అంచుల్లో పూత పొలుసుల్లా లేచింది. తప్పు పూతదా, పరీక్షదా?

పగులుగీత:
ముందు పరీక్షదే. పిస్టన్ తగిలే ముఖం నొక్కుకుంటుంది, సాగేది అడుగు ముఖం. పింగాణీ విరిగేది సాగినచోట. బిళ్లను తిరగేసి పూతను కిందికి పెట్టండి. నోట్లోనూ క్రౌన్ (పంటి మీది తొడుగు) చాలాసార్లు సిమెంటు వైపు లోపలి ముఖం నుంచే పగులుతుంది, కాబట్టి పూత ఉండాల్సింది అక్కడ.

ఇంకొకటి. ఈ రకం పింగాణీ బలం 60–100 మెగాపాస్కల్స్. అంత తక్కువలో విరుగుతోందంటే లోపాల లోతు పదుల మైక్రాన్లు ఉన్నట్టు. 3 మైక్రాన్ల పొర వాటిని పూడ్చలేదు. అది చేయగలిగింది పగులు నోటిని నొక్కి పట్టడం, నీటి తేమను అడ్డుకోవడం. (తేమ పగులు కొసన సిలికాన్–ఆక్సిజన్ బంధాలను తెంచుతుంది, అందుకే పింగాణీ నీళ్లలో ఇంకా తక్కువకే విరుగుతుంది.) స్పటరింగ్ అణువులు ఎక్కువగా సూటిగానే వచ్చి పడతాయి, లోతైన గ్రైండింగ్ గీత పక్కగోడలకు సరిగా చేరవు. ముందు నునుపు చేయండి, ఆ తర్వాతే పూత.

వైబుల్ మాడ్యులస్ (బలం విలువలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) చెప్పాలంటే గుంపుకి 30 బిళ్లలైనా ఉండాలి. సగటు పెరగకపోయినా చెదురు తగ్గితే అదీ లాభమే.

శూన్యగది:
పొలుసులు లేవడానికి కారణం పొరలో సంపీడన ప్రతిబలం (లోలోపలి నొక్కుడు) మితిమీరడం కావచ్చు. పొరను ఊడగొట్టే శక్తి ప్రతిబలం వర్గానికీ మందానికీ అనులోమం: మందం సగం చేస్తే శక్తి సగమవుతుంది, ప్రతిబలం సగం చేస్తే నాలుగో వంతు. అందుకని మందం జోలికి ముందే పోకండి. ఆర్గాన్ పీడనం కాస్త పెంచండి, లేదా బయాస్ (బిళ్లల వైపు ఇచ్చే వోల్టేజి) తగ్గించండి. పీడనం మరీ పెంచితే పొర స్తంభాల్లా, రంధ్రాలతో పెరిగి నొక్కే గుణమే పోతుంది. వెంట ఒక పలుచని సిలికాన్ పట్టీ పెట్టి, దాని వంపు కొలిస్తే ప్రతిబలం ఎంతో తెలుస్తుంది.

శుభ్రతకు అసిటోన్‌లో, ఆపై ఇథనాల్‌లో 10 నిమిషాల చొప్పున అల్ట్రాసోనిక్, తర్వాత 120 డిగ్రీల దగ్గర ఓ గంట ఆరబెట్టడం, గదిలో 5–10 నిమిషాల ఆర్గాన్ ప్లాస్మా. పదునైన అంచుల్ని కొద్దిగా చెక్కేయండి, ఊడటం అక్కడే మొదలవుతుంది. పూత వేశాక మళ్లీ గ్లేజ్ ఫైరింగ్ (మెరుపు కోసం కొలిమిలో కాల్చడం) వద్దు.

పలుచపొర:
లోపలి ముఖానికే పూత వేస్తే సిమెంటు అంటుతుందా?

సైలేన్‌చుక్క:
అలవాటు ప్రకారం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, సైలేన్ (గాజును రెజిన్‌కు కలిపే రసాయనం) పెడితే అంటదు. పైన ఉన్నది ఇప్పుడు గాజు కాదు, జిర్కోనియా. ఎండీపీ (జిర్కోనియాను పట్టుకునే ఫాస్ఫేట్ మోనోమర్) ఉన్న ప్రైమర్ వాడాలి. 50 మైక్రాన్ల అల్యూమినాతో ఊదడం ఇక్కడ కుదరదు, 3 మైక్రాన్ల పొర దెబ్బతింటుంది. క్రౌన్ సరిపోయిందో లేదో పూతకు ముందే చూసుకోండి, తర్వాత డైమండ్ బర్ తాకితే పూత పోయినట్టే.

పోలిక కూడా మార్చాలి. పూత లేకున్నా రెజిన్ సిమెంటు దానంతటదే పింగాణీని బలపరుస్తుంది. కాబట్టి మీ కంట్రోల్ (పోల్చి చూసే గుంపు) ఉత్త బిళ్ల కాదు: ఆమ్లం, సైలేన్, రెజిన్ పెట్టిన బిళ్ల. రెండు గుంపులనూ 37 డిగ్రీల నీళ్లలో 24 గంటలు నానబెట్టి, తడిగానే విరవండి.